అమ్మకి థాంక్స్ ఎలా చెప్పాలి?

చెన్నైలో చదువుకుంటున్న తెలుగు పిల్లలు, వాళ్ల ఇంటివాళ్లు పంపిన ఉత్తరాలకు ఈ నెల జవాబులివి. చదువు, ఇల్లు, రోజూ దొరికే చిన్న సంతోషాలు: వీటి విలువ తెలుస్తూనే ఉంది, దాన్ని ఎలా నిలుపుకోవాలో, ఎలా చెప్పాలో అంతుబట్టడం లేదన్నదే చాలామంది ప్రశ్న. అడిగినవారి కోరిక మీద పేర్లు వేయలేదు.

ప్రశ్న: పడుకునే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి సంగతులు రాయమని మా సీనియర్ చెప్పాడు. పది రోజులు రాశాను. పదకొండో రోజు వెనక్కి తిప్పి చూస్తే అన్నీ ఒకటే: అమ్మ, ఆరోగ్యం, ఫ్రెండ్స్. విసుగొచ్చి మానేశాను. పద్ధతిలోనే లోపముందా? (బీటెక్ రెండో సంవత్సరం, తాంబరం)

లోపం రాసిన తీరులో ఉంది. "అమ్మ" అని రాస్తే అది సంగతి అవదు, శీర్షిక అవుతుంది. శీర్షికలు పదో రోజుకి అయిపోతాయి, సంగతులు అయిపోవు. అదే పేజీ ఇలా ఉంటే ఎలా ఉంటుందో చూడండి:

"రాత్రి ఫోన్ ఎత్తి హలో అనగానే అమ్మ 'గొంతేంటి అలా ఉంది, తల సరిగ్గా తుడుచుకోలేదా' అంది. జలుబు చేసిందని నేనింకా చెప్పలేదు. నేను ఇంట్లో ఉన్నప్పుడు రోజూ వినేది కాబట్టి పట్టేసింది."

ఇందులో రెండు భాగాలున్నాయి. మొదటిది ఏం జరిగిందన్నది: ఎవరు, ఎక్కడ, ఏ మాట. రెండోది అది ఎందుకు జరిగిందన్నది. ఈ రెండో వాక్యాన్నే అందరూ వదిలేస్తారు, పనిచేసేది మాత్రం అదే. మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో ప్రచురించిన ప్రయోగంలో వారం పాటు రోజూ మూడు మంచి విషయాలు, వాటి పక్కనే కారణాలు రాయించారు. ఆ ఫలితం ఆరు నెలల దాకా కనిపించింది. వారం గడిచాక కూడా సొంతంగా రాస్తూ పోయినవాళ్లకి ఎక్కువ మేలు జరిగింది.

ఇక పుస్తకం. చేతిలో ఇమిడే గీతల నోటుబుక్, వంద పేజీలది చాలు. అట్ట ఎంత మామూలుగా ఉంటే అంత మంచిది. హాస్టల్లో బంగారు రంగు డైరీ బల్ల మీద పెడితే సాయంత్రానికి రూమ్మేట్ తెరిచేస్తాడు, ఆ మర్నాటి నుంచి మీరు అతని కోసం రాయడం మొదలుపెడతారు. ఫోన్‌లో రాయకండి. నోట్స్ తెరవబోయిన వేలు వాట్సాప్ మీద పడుతుంది, పావుగంట పోతుంది. పుస్తకాన్ని ఎలాగూ చేసే ఏదో ఒక పనికి కట్టేయండి. రాత్రి భోంచేసిన కంచం కడిగి పెట్టాక కావచ్చు, దోమల మెషీన్ స్విచ్ వేశాక కావచ్చు. "తీరికున్నప్పుడు" అనుకుంటే ఆ తీరిక సెమిస్టర్ అయ్యేదాకా రాదు.

వారం దాటాక రోజూ రాయాల్సిన పని లేదు. ఎమ్మన్స్, మెకలో అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనాల్లో మొదటిది వారానికి ఒక్కసారి రాయించినదే, పది వారాల పాటు. మీకు బుధవారం, ఆదివారం చాలు. ఒక్కోసారి రెండు సంగతులు, ఒక్కోదానికి రెండేసి వాక్యాలు. ఐదు నిమిషాలు మించితే అది ల్యాబ్ రికార్డు రాతలా తయారవుతుంది.

ఏమీ తోచని రోజు లెక్క తిరగేయండి. ఉన్నది లేకపోతే ఏమయ్యేదో రాయండి. హాస్టల్ కేటాయింపులో ఈ గదికి బదులు పక్క బ్లాకు పడుంటే? ఈ రూమ్మేట్ పరిచయమయ్యేవాడు కాదు, మొదటి సెమిస్టర్ మ్యాథ్స్ ముందురోజు రాత్రి రెండింటిదాకా కూర్చోబెట్టి లాప్లాస్ చెప్పేవాడూ ఉండేవాడు కాదు. ఉన్నదాన్ని పొగడడం కంటే అది లేనట్టు ఊహించుకోవడం మనసుని ఎక్కువ కదిలిస్తుందని 2008లో వచ్చిన ప్రయోగాలు చూపించాయి.

ఒక్కటి మాత్రం రాయకండి: "వాడికి బ్యాక్‌లాగులు ఉన్నాయి, నాకు లేవు, అదృష్టం." ఒకరి ఓటమిని చూసుకుని పడే సంతోషం ఆ పూటకి బాగానే ఉంటుంది. మీకు బ్యాక్‌లాగు వచ్చిన రోజు మాత్రం ఆ పేజీ చదవలేరు.

ప్రశ్న: ఊరినుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే తెలిసినవాళ్ల చేత అమ్మ గోంగూర పచ్చడి, కారప్పొడి పంపింది. ఫోన్ చేసి "థాంక్సమ్మా" అంటే "నాకు థాంక్సేంట్రా, పిచ్చి" అని నవ్వేసింది. "ధన్యవాదాలు" అంటే ఇంకా నవ్వుతుంది. మరి చెప్పేదెలా? (డిగ్రీ మొదటి సంవత్సరం, కోడంబాకం)

మీ అమ్మగారి నవ్వు సరైనదే. ధన్యవాదాలు మైకు ముందు మాట, వందన సమర్పణ చేసే కార్యదర్శిది. థాంక్స్ షాపులోనో ఆఫీసులోనో మాట. ఇంట్లో మనవాళ్లకి అలాంటి ఒక్క మాట ఎప్పుడూ లేదు, దాని అవసరమూ పడలేదు. బదులుగా వేరే వాక్యాలున్నాయి: "వేడన్నంలో కలుపుకుంటే ప్రాణం లేచొచ్చిందమ్మా." "నీ పుణ్యమా అని వారం రోజులు మెస్ కూర ముట్టుకోలేదు." "మా రూమ్‌లో వాళ్లు సీసా అడుగు కూడా గరిటెతో గీకేశారు."

ఈ మూడింటిలోనూ ఉన్నది కబురు. పంపినది చేరిందా, పాడవకుండా చేరిందా, ఎవరు తిన్నారు, ఎంత మిగిలింది: అమ్మకి కావలసిన లెక్క అది. అందుకే ఫోన్ చేసేముందు సీసా ఒకసారి మూత తీసి చూడండి. పైన నూనె తేలి ఉందా, ఉప్పు సరిపోయిందా, దారిలో కారిందా? కారితే దాచకుండా చెప్పండి. వచ్చేసారి మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి రబ్బరుబ్యాండ్ బిగిస్తుంది. "అన్నీ బావున్నాయమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేసే కొడుకు కంటే "కారప్పొడిలో వెల్లుల్లి ఈసారి ఎక్కువైంది, కానీ దోసెల్లోకి అదే బావుంది" అనే కొడుకు ఎక్కువ మెచ్చుకున్నట్టు.

పచ్చడిలోకి తడి చెంచా పెట్టకండి. బూజు పట్టిందని నెల తిరక్కముందే చెబితే ఏ థాంక్సూ పనిచేయదు.

ప్రశ్న: మా నాన్న తాపీమేస్త్రి, పల్నాడులో. నేనిక్కడ బీకాం. ఆయన ఎండలో గోడ కడుతుంటాడని గుర్తొస్తే క్యాంటీన్‌లో దోసె గొంతు దిగదు. పుస్తకం తెరిస్తే అదే ఆలోచన. కృతజ్ఞత ఉండాలంటారు, ఇంత ఉంటే చదువే సాగడం లేదు. (పేరు వద్దు, చేట్‌పట్)

మీరు మోస్తున్నదాన్ని మనవాళ్లు ఋణం అంటారు. దాన్నే కృతజ్ఞత అనుకుంటున్నారు, అక్కడే తిరకాసు. ఋణానికి అంకె ఉండాలి. అంకె లేని ఋణం రోజూ పెరుగుతుంది, దోసె మీదా పెరుగుతుంది. కాబట్టి ముందు అంకె వేయండి. ఒక కాగితం మీద ఫీజు, హాస్టల్, మెస్, బస్సు, చేతిఖర్చు నెలవారీగా రాయండి. క్యాంటీన్‌కి వారానికి ఇంత అని విడిగా పెట్టండి. ఆ మొత్తం లోపల తిన్నదానికి లెక్కా వద్దు, బాధా వద్దు. నెలాఖరున ఆ కాగితం ఫొటో తీసి నాన్నకి పంపండి. తాను పంపిన డబ్బు ఎక్కడెక్కడ పడిందో తెలిసిన తండ్రికి మనసు కుదురుగా ఉంటుంది. మీకూ ఊహించుకునే పని తప్పుతుంది.

ఇక కృతజ్ఞత సంగతి. ఆయన పడే కష్టం ఒక్కటే మీకు కనిపిస్తోంది. ఆయనకున్న పనితనం? ఆదివారం సాయంత్రం ఏడు దాటాక, స్నానం చేసి మంచమ్మీద కూర్చునే వేళ ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: "ఇటుకలు కట్టేముందు నీళ్లలో ఎందుకు తడుపుతారు నాన్నా?" తిన్నావా, ఆరోగ్యం ఎలా ఉంది లాంటివి నిమిషంలో అయిపోతాయి. ఈ ప్రశ్న కాదు. పొడి ఇటుక, సిమెంటూ ఇసుకా కలిపిన మాలులో నీళ్లు పీల్చేసుకుంటుంది, సిమెంటు గట్టిపడడానికి కావలసిన నీరు మిగలదు, అతుకు బలహీనమవుతుంది. ఇదే సంగతి ఆయన ఇంకా బాగా చెబుతారు, తాను చూసిన గోడలతో సహా. మరుసటి వారం మాలు పాళ్ల గురించి అడగండి. గోడకి సాధారణంగా సిమెంటు ఒకటికి ఆరు పాళ్లు ఇసుక వేసేవాళ్లు ప్లాస్టరింగ్‌కి ఒకటికి నాలుగు ఎందుకు వేస్తారు? ఆ పై వారం, కట్టిన గోడని కనీసం వారం రోజులు ఎందుకు తడపాలి? బీకాం చదివేవారు కాబట్టి ఇంకోటి: పని ఒప్పుకునేముందు ఎన్ని ఇటుకలు పడతాయో నోటిలెక్కగా ఎలా చెప్పేస్తారు? ఖర్చు లెక్క కట్టే మీ కాస్టింగ్ పాఠం మొత్తం ఆ నోటిలెక్కలోనే ఉంది.

నాలుగు వారాలు ఇలా మాట్లాడాక కళ్లముందు కనిపించే మనిషి మారతాడు. ఎండలో మాడుతున్న నాన్న స్థానంలో గుండు వేలాడదీసి, ఒక కన్ను మూసి, గోడ నిటారు చూసే మేస్త్రి వస్తాడు. ఆయన్ని తలుచుకుంటే దోసె దిగుతుంది.

ప్రశ్న: మాది మూడు తరాలుగా పెరంబూరు. ఇంట్లో తెలుగే, బళ్లో తమిళం, ఇంగ్లీషు. నెల్లూరులో ఉన్న మా అవ్వకి తెలుగులో ఉత్తరం రాయాలని ఉంది. నన్ను పెంచింది ఆవిడే. తెలుగు అక్షరాలు గుర్తుపడతాను కానీ రాయలేను. పబ్లిక్ పరీక్షలు అయ్యాక ఎన్నాళ్లలో నేర్చుకోవచ్చు? (ప్లస్ టూ విద్యార్థిని. ఈ ప్రశ్నని వాళ్ల అన్నయ్య తెలుగులో టైపు చేసి పంపాడు)

రోజుకి నలభై నిమిషాలు కూర్చుంటే నాలుగు వారాలు. మీకు మాట వచ్చు, తమిళం రాయడం వచ్చు. సగం దారి అయిపోయినట్టే.

కలిసొచ్చేవి ముందు చెబుతాం. అచ్చులు దాదాపు ఒకటే. ఎ-ఏ, ఒ-ఓ తేడా హిందీ నేర్చినవాళ్లకి కష్టం, మీకు పుట్టుకతో తెలుసు. తమిళంలో 12 అచ్చులు, 18 హల్లులు కలిసి 216 రూపాలు ఎలా అవుతాయో చిన్నప్పుడే వల్లె వేశారు. తెలుగు గుణింతం అదే సంగతి.

చిక్కులు మూడు చోట్ల వస్తాయి.

తమిళంలో ఒకే అక్షరం క అనీ గ అనీ పలుకుతుంది. చోటుని బట్టి మీ నోరే సర్దుకుంటుంది. తెలుగులో క, ఖ, గ, ఘ నాలుగూ వేరు. మొదట్లో మీరు "గది"ని "కది" అని, "బడి"ని "పడి" అని రాస్తారు. దీనికి మందు జంటలుగా రాయడం: కంప-గంప, పండ-బండ, తండ-దండ. పైకి చదువుతూ, గొంతు మీద వేలు పెట్టుకుని చూడండి. గ, బ, ద అన్నప్పుడు గొంతు అదురుతుంది. మొదటి వారం ఇదొక్కటే. ఖ, ఘ లాంటి ఒత్తక్షరాలు మీ ఉత్తరంలో నాలుగైదు మాటల్లో మించి రావు, తర్వాత చూసుకోవచ్చు.

రెండోది గుణింతపు గుర్తులు. తమిళంలో ఎత్వం గుర్తు హల్లుకి ముందు పడుతుంది, ఒత్వం రెండు పక్కలా పడుతుంది. తెలుగులో ఇవి తలకట్టు తీసేసి ఆ చోట కూర్చుంటాయి: క, కె, కొ. చేయి ముందుగా ఎడమపక్కకి వెళ్లబోతుంది, ఆపండి. ముందు హల్లు గీయడం, తర్వాత నెత్తిన గుర్తు. మ, య రెండింటికీ కొమ్ములు ఎక్కువ కాబట్టి మొ, యొ దగ్గర ఎవరైనా తడబడతారు. ఆ రెండింటినీ ఒక పేజీ నిండా రాయండి.

మూడోది ఒత్తులు. తమిళంలో హల్లు నెత్తిన చుక్క పెట్టి తర్వాతి హల్లుని పక్కన రాస్తారు. తెలుగులో తర్వాతి హల్లు కిందికి దిగుతుంది. చాలావరకు తలకట్టు లేని అదే అక్షరం. పూర్తిగా వేషం మార్చేవి ముఖ్యంగా ఆరు: త, న, మ, య, ర, ల. ఆరింటికి ఆరు మాటలు చాలు: అత్త, అన్నం, అమ్మ, అయ్య, చక్రం, పిల్ల. ఒత్తుల పాఠమంతా మీ ఇంట్లోనే ఉంది.

నాలుగు గీతల పుస్తకం వద్దు. రెండు గీతల కాపీ పుస్తకంలో పెద్దగా రాయండి, తెలుగు గుండ్రంగా తిరగాలంటే చోటు కావాలి.

ఉత్తరానికి ఇన్లాండ్ లెటర్ కొనండి, పోస్టాఫీసులో రెండున్నర రూపాయలు. అందులో ఫొటో గానీ కాగితం గానీ పెట్టకూడదు. పెట్టాలనుకుంటే కవరు తీసుకోండి. అవ్వ కంటిచూపుని తలుచుకుని అక్షరం చూపుడువేలి గోరంత ఎత్తున, ముదురు నీలం లేదా నల్ల ఇంకుతో రాయండి. ఆ లెక్కన పది పన్నెండు లైన్లకి మించి పట్టదు. ఆవిడ చదవలేక వేరెవరైనా చదివి వినిపిస్తారేమో ముందే కనుక్కోండి. వినిపించే ఉత్తరంలో వాక్యాలు చిన్నవిగా ఉండాలి, గుట్టుమాటలు ఉండకూడదు.

మొదలు పాత పద్ధతిలోనే: "అవ్వకి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి." రెండువైపులా క్షేమమే, ఆపైన సంగతులు అని దాని అర్థం. ఆవిడ తరంలో ఉత్తరాలన్నీ ఇలాగే మొదలయ్యేవి. ఆ ఒక్క మాట చూడగానే కళ్లజోడు సర్దుకుని కూర్చుంటారు. అమ్మమ్మ అని దిద్దకండి, మీ ఇంట్లో అవ్వ అంటే అవ్వే. తర్వాత "నన్ను పెంచినందుకు ఋణపడి ఉంటాను" లాంటిది రాస్తే సినిమా డైలాగు అవుతుంది. ఆవిడ చేసిన పనుల్లో ఒక్కటి తీసుకుని రాయండి. జడ వేసేటప్పుడు పాయ పాయకీ చెప్పిన పొడుపుకథా? బడికి వెళ్లేముందు చెంగుతో మొహం తుడవడమా? అది మీకు తెలుసు. చివర్లో "తప్పులుంటే దిద్ది పంపు అవ్వా" అని రాయండి. జవాబు రావడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. రోజూ రాత్రి "ఇవాళ నాకు దొరికిన మంచి" అని మూడు లైన్లు రాస్తేనే టీవీ అని పెట్టాను. ఏడుస్తూ రాస్తున్నాడు. కొనసాగించమంటారా? (ఒక తల్లి, వేళచ్చేరి)

ఆపేయండి. టీవీకి టికెట్‌గా రాసేది ఇంపొజిషనే. అన్నం తినేటప్పుడు మీరే ముందు మీ రోజులో ఒక సంగతి చెప్పండి, బస్సులో సీటు దొరికిందో, పెరుగు చక్కగా తోడుకుందో. వాడు చెప్పాలనుకుంటే చెబుతాడు. అడగాలనిపిస్తే "ఇవాళ ఏం నేర్చుకున్నావు" అనొద్దు, అది హాజరు పట్టీ ప్రశ్న. "ఇవాళ సార్ చెప్పినదాంట్లో నమ్మబుద్ధి కానిదేమైనా ఉందా" అని అడిగి చూడండి.

ప్రశ్న: ఈఈఈ మూడో సంవత్సరం. ఏడో తరగతిలో సైన్సంటే ప్రాణం పెట్టేవాణ్ని. ఇప్పుడు ఎనిమిదిన్నర సీజీపీఏ ఉంది, పరీక్ష అయిన వారానికి ఒక్క ముక్క గుర్తుండదు. చదవాలన్న ఇష్టమూ చచ్చిపోయింది. అది తిరిగి వస్తుందా? (గిండీ)

మరుపు, అయిష్టం రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయి: చదివినదాన్నే మళ్లీ మళ్లీ చదవడం. రోడిగర్, కార్పికి అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివారు. కొందరు ఒక్కసారే చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే వాళ్లకి 40 శాతం గుర్తుంది, రాసినవాళ్లకి 61 శాతం. పరీక్ష ముందురోజు రాత్రి చదువు ఎందుకు గెలిచినట్టు కనిపిస్తుందో, వారానికి ఎందుకు ఎగిరిపోతుందో ఈ అంకెల్లోనే ఉంది. గుర్తులేనిదాని మీద ఇష్టం ఎలా ఉంటుంది చెప్పండి?

కాబట్టి క్లాసైన సాయంత్రం పుస్తకం మూసి, తెల్లకాగితం మీద పది నిమిషాలు గుర్తున్నది రాయండి. నీలం పెన్నుతో. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి, తప్పు రాసినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. మర్నాడు ఒకసారి, వారాంతంలో ఒకసారి అదే పని. మొదటి కాగితం నిండా ఎరుపే ఉంటుంది. చాలామంది అక్కడే మనసు విరిగి మళ్లీ చదవడంలోకి వెళ్లిపోతారు. ఎరుపుని చూసి భయపడకండి, మీకు రానిది సరిగ్గా ఎక్కడుందో చూపించే పటం అది.

ఇది మరుపుకి. ఇష్టానికి ఇంకో మెట్టు ఉంది: ఆ వారం అర్థమైనదాంట్లో ఒకదాన్ని ఇంటికి ఫోన్ చేసి, ఇంగ్లీషు మాట లేకుండా అమ్మకి చెప్పడం. నోరు ఎక్కడ ఆగుతుందో అక్కడ మీకే అర్థం కాలేదు.

మీ బ్రాంచి నుంచే చూద్దాం. సీలింగ్ ఫ్యాన్ మూలుగుతూ కదలదు, చేత్తో తిప్పితే అందుకుంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి "కండెన్సర్ పోయిందమ్మా" అని చిన్న డబ్బా మార్చి వెళ్తాడు. దాని మీద సాధారణంగా 2.5 మైక్రోఫారడ్లని ఉంటుంది. మీరు దీన్ని సింగిల్ ఫేజ్ ఇండక్షన్ మోటార్ పాఠంలో చదివారు, పదహారు మార్కులకి రాశారు కూడా. అమ్మకి ఎలా చెబుతారు? తిరగలి గుర్తుచేయండి. పిడిని తిన్నగా ముందుకీ వెనక్కీ మాత్రమే లాగితే ఆగి ఉన్న తిరగలి ఊగుతుంది గానీ తిరగదు. పక్కకి ఒక తోపు సరైన సమయానికి పడాలి. ఇంటి కరెంటు ఒక తీగచుట్టలో ముందుకీ వెనక్కీ లాగుతుంది, అంతే. రెండో చుట్టలో ఆ లాగుడు కాస్త ముందుగా వచ్చేలా కండెన్సర్ చేస్తుంది, ఆ పక్క తోపు అదే. మరి చేత్తో తిప్పితే ఎందుకు అందుకుంటుంది? తిరుగుతున్న తిరగలికి ముందువెనకల లాగుడే సరిపోతుంది, వేగమే దాన్ని మలుపు దాటిస్తుంది. ఇది విన్నాక మీ అమ్మగారు "మరి మిక్సీకి ఆ డబ్బా ఎందుకు లేదు?" అని అడిగే అవకాశముంది. మిక్సీలో ఉండేది వేరే జాతి మోటారు, బ్రష్‌లున్నది. ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికి మీరు పరిగెడితే ఏడో తరగతి కుర్రాడు తిరిగొచ్చినట్టే.

మార్కులకి పనికిరాని ప్రశ్నలకి విడిగా ఒక పుస్తకం పెట్టుకోండి. మే నెలలో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి వచ్చి నగరం చల్లబడుతుంది, కొన్ని రోజులు అది ఆలస్యమై ఒళ్లు మాడుతుంది. ఎందుకు? అలాంటివి. నెలకి రెండు శనివారాలు వాటికోసం వదిలేయండి. కోటూర్‌పురం స్టేషన్లో దిగితే 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయం నడిచిపోయే దూరం. తొమ్మిది అంతస్తులు, కూర్చుని చదవడానికి డబ్బు కట్టనక్కర్లేదు. కిందనున్న సొంత పుస్తకాల విభాగంలోకి వెళ్లకండి. అక్కడంతా పోటీ పరీక్షలవాళ్లు, ఆ గాలి తగిలితే మీరూ గేట్ మెటీరియల్ తీస్తారు. ఖాళీ చేతులతో పై అంతస్తులకి వెళ్లి, ఒక్క ప్రశ్నకి గంటన్నర ఇవ్వండి. అదే రోడ్డులో బిర్లా ప్లానెటేరియం కూడా ఉంది.

ఎగ్మూరు వైపైతే పాంథియన్ రోడ్డులో కన్నెమరా గ్రంథాలయం, 1896 నాటిది. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకానికీ ఒక ప్రతి అందాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో ఇదొకటి కాబట్టి తెలుగు పుస్తకాలూ దొరుకుతాయి. పక్కనే మ్యూజియం. అందులో అమరావతి స్తూపం శిల్పాలున్నాయి. గుంటూరు వైపు నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు తమ ఊరి రాయిని ఎగ్మూరులో చూడడం భలే ఉంటుంది. మ్యూజియంకి శుక్రవారం వెళ్లకండి, ఆ రోజు సెలవు.

ప్రశ్న: అందరూ మంచిని చూడమంటారు. నాకు నెలరోజులుగా ఏదీ మంచిగా అనిపించడం లేదు. నిద్ర లేదు, తినబుద్ధి కాదు, క్లాసుకి వెళ్లడం మానేశాను. మంచి సంగతుల పుస్తకం రాస్తే తగ్గుతుందా? (ఊరు రాయలేదు)

తగ్గదు. ముందు పుస్తకం పక్కన పెట్టండి. రాయలేకపోయానన్న బాధ దానికి తోడవడం తప్ప ఇప్పుడు దానివల్ల లాభం లేదు. రెండు వారాలకి మించి నిద్ర, తిండి, ఆసక్తి మూడూ పోతే అది డాక్టరు చూడాల్సిన సంగతి, కృతజ్ఞత తక్కువై వచ్చింది కాదు. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఈ రాత్రి ఒంటరిగా ఉండకండి. రూమ్మేట్‌నో వార్డెన్‌నో లేపి చెప్పండి, దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇంట్లో చెప్పడానికి మాట రాకపోతే "నిద్ర పట్టడం లేదమ్మా, నెలయింది" అన్న ఒక్క వాక్యం చాలు.

ప్రశ్న: పదో తరగతి లెక్కల మాస్టారికి ఏదైనా ఇవ్వాలని ఉంది. శాలువా కప్పాలా, పెన్నా? (అన్నానగర్)

శాలువాలు ఆయన బీరువాలో ఉండే ఉంటాయి. ఒక పేజీ ఉత్తరం రాయండి. ఆయన చెప్పినదాంట్లో మీరు ఇప్పటికీ వాడుతున్నది ఒకటి, ఎక్కడ వాడారో ఒక ఉదాహరణతో. అంకె వేసేముందు జవాబు సుమారుగా ఎంత రావాలో అనుకోమనేవారా? అదే రాయండి. ఇంత చిన్నదానికి ఉత్తరమేంటి అనుకుంటారేమో అన్న జంకు మీకు ఉంటుంది. 2018లో ఇలాంటి ఉత్తరాలు రాయించి చూస్తే, అందుకున్నవాళ్లు ఎబ్బెట్టుగా అనుకుంటారని రాసినవాళ్లు ఎక్కువగా భయపడ్డారనీ, వాళ్ల సంతోషాన్ని మాత్రం తక్కువ అంచనా వేశారనీ తేలింది. వీలైతే వెళ్లి చేతికివ్వండి. ఆయన ఎదురుగా చదవమని పట్టుబట్టకండి.

ప్రశ్న: ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ మొదటిసారి వచ్చింది. సంక్రాంతికి ఇంటికి ఏం తీసుకెళ్లాలి? చీర, స్వీట్లు కాకుండా. (తరమణి)

ఇంట్లో వాళ్లు "తర్వాత చూద్దాం" అని వాయిదా వేస్తున్నదేంటో కనిపెట్టండి. అడిగితే ఏమీ వద్దంటారు, కాబట్టి చెల్లినో తమ్ముణ్నో అడగండి. నాన్న చెప్పులైతే ఆయన పాదాన్ని కాగితం మీద పెన్సిల్‌తో గీసి ఫొటో పంపమనండి. పక్కన స్కేలు పెట్టాలి, లేకపోతే ఆ ఫొటో కొలతకి పనికిరాదు. సాయంత్రం గీయమనండి, రోజంతా నడిచాక పాదం కాస్త పెరుగుతుంది. చదువుకునే కళ్లజోడైతే పాత నంబరు మీద కొనకండి, పండక్కి వెళ్లినప్పుడు పరీక్ష చేయించి అక్కడే చేయించండి. మిక్సీ జారు కారుతుంటే మూతలోదో బ్లేడు కిందదో ఆ రబ్బరు ఒక్కటి మారిస్తే చాలు, చాలామంది జారే మార్చేస్తారు. రబ్బరు మోడల్‌కొక సైజు ఉంటుంది. ఫొటో చూసి తీసుకుంటే సరిపోదు. పాతది ఊడదీసి ఒక కవర్లో పెట్టి, ఊరినుంచి వచ్చేవాళ్ల చేత పంపమనండి. షాపులో దాని మీద ఇది పెట్టి చూసి కొనండి, రెండు కొనండి.